తీసేసిన నవ్వు

మొన్న చిలకలూరిపేట దారిలో ఒక ఫంక్షన్ హాల్లో పెళ్లి వీడియో తీస్తున్నాం. భోజనాలయ్యాక పెళ్లికూతురి మేనమామ ఒకాయన కాఫీ కప్పు పట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చోగానే వెనక కాళ్ళు రెండూ విచ్చుకుపోయాయి. ఆయన వెల్లకిలా పడ్డాడు, కాఫీ పట్టుపంచె మీద పడింది, చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన్ని లేపడానికి నలుగురు పరుగెత్తారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడి, "అరెరె, కాఫీ ఒలికిందే," అన్నాను. మా కెమెరామన్ నావైపు అదోలా చూశాడు. పెద్దమనిషి నడుం ఏమైందోనని అందరూ కంగారుపడుతుంటే కాఫీ గురించి విచారించేవాణ్ణి అతను ఎక్కడా చూసి ఉండడు.

అందులో నా తప్పేం లేదు. కుర్చీ విరిగి పడేవాళ్ళు కాఫీ ఒలకనివ్వకూడదని నాకు నేర్పిన మనిషి ఒకావిడ ఉండేది. ఆవిడ పోయి రెండేళ్ళు దాటింది. ఆ పూట ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఇక ఆ పెళ్లిలో నా పని సరిగ్గా సాగలేదు.

ఆవిడ పేరు రాయను. రాసినా నరసరావుపేటలో చాలామందికి తెలియదు. "కుర్చీ పిన్ని" అంటే మాత్రం నలభై దాటినవాళ్ళందరూ "ఆఁ, ఆవిడా" అంటారు. మా ఊళ్ళోకి కేబుల్ కొత్తగా వచ్చిన రోజుల్లో కేబుల్ ఓనరుగారికి సొంత చానెల్ పిచ్చి ఉండేది. పొద్దున భక్తి పాటలు, మధ్యాహ్నం మిర్చి ధరలు, ఆదివారం సాయంత్రం అరగంట కామెడీ. ఆ కామెడీని ఆయన ఇంటి హాల్లోనే, ఇరుగుపొరుగు వాళ్ళు చూస్తుండగా తీసేవారు. కథంటూ పెద్దగా ఏమీ ఉండదు. ఒక మొగుడు, ఒక పెళ్ళాం, ఇంటికి వచ్చేపోయేవాళ్ళు. మొగుడు వేషం ఒక ఎలిమెంటరీ స్కూలు మాస్టారిది. మనిషి అగరొత్తిలా ఉండేవాడు. పెళ్ళాం వేషం ఆవిడది. ఆవిడ భారీ మనిషి. అంతకుముందు పరిషత్తు నాటకాల్లో వేసేది, నాటకాలు తగ్గాక ఇటు వచ్చింది. ప్రతివారం మొగుడు ఆవిడ లావు మీద నాలుగు మాటలంటాడు. ఆవిడ కాఫీ కలుపుకుని వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. కుర్చీ విరుగుతుంది. ఇంతే సంగతి. ఈ ముక్క కోసం ఊరంతా ఆదివారం పనులు మానుకుని టీవీల ముందు కూర్చునేది.

ఆ కామెడీ ఆగిపోయి పాతికేళ్ళయినా ఆవిడకి ఒక అలవాటు మిగిలిపోయింది. ఎక్కడ కుర్చీ కనిపించినా ముందు వంగి, నాలుగు కాళ్ళూ చేత్తో ఊపి చూసేది. ఆస్పత్రిలో, బ్యాంకులో, పెళ్లిళ్ళలో, ఎక్కడైనా సరే. ఒకసారి బ్యాంకు మేనేజరు మర్యాదగా కుర్చీ చూపిస్తే, "దీని కాలు ముందే రంపంతో కొయ్యలా గదా?" అని అడిగిందట. ఆయన ఈ ఊరికి కొత్త. చాలా సేపు ఆలోచించి, లేదండీ అన్నాడట.

రెండో అలవాటు, తను నవ్వకపోవడం. ఎంత నవ్వొచ్చే సంగతి చెప్పినా కళ్ళార్పకుండా వినేది. చెప్పేవాడు గబగబా తరవాతి మాటలోకి వెళ్ళబోతే అరచెయ్యి అడ్డం పెట్టేది. "ఆగు. నవ్వనీ వాళ్ళని," అనేది. వాళ్ళు నవ్వడం పూర్తయ్యాక చెయ్యి దించేది. కిరాణా కొట్టు దగ్గర ఇద్దరు మాట్లాడుకుంటున్నా అంతే. ట్రాఫిక్ కానిస్టేబుల్‌లా మధ్యలో ఆవిడ చెయ్యి లేచేది.

నాకు ఆవిడ పరిచయం అయింది పని మీద. స్టేషన్ రోడ్డులో మేడ మీద నాకొక ఎడిటింగ్ గది ఉంది. పెళ్లి వీడియోలు కత్తిరించి అతుకుతాను, పాత వీడియో క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కిస్తాను. కేబుల్ ఓనరుగారు పోయాక వాళ్ళబ్బాయికి అటక మీద అట్టపెట్టె నిండా ఆ కామెడీ క్యాసెట్లు దొరికాయి. బూజు పట్టినవి పోగా ఇరవై ఆరు భాగాలు బతికి ఉన్నాయి. వాటన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, చిన్న డబ్బాలో వేసి, పైన మాస్టారి బొమ్మా ఆవిడ బొమ్మా వేసి అమ్ముదామని ఆయన ఆలోచన. హైదరాబాదులో, గుంటూరులో ఉన్న మన పేటవాళ్ళు ఎగబడి కొంటారని లెక్క. కాని ఆయన భయస్థుడు. వాట్సాప్‌లో ఏదో పంపినందుకు వాళ్ళ బావమరిదిని పోలీస్ స్టేషన్‌కి పిలిపించారు, అప్పటినుంచీ ఈయనకి ఫోన్ మోగితే చెమటలు పడతాయి.

"పెద్ద పెద్ద చానెళ్ళవాళ్ళే పాత కామెడీలు మళ్ళా అమ్మేటప్పుడు ఈ కాలానికి పనికిరాని జోకులు తీసేస్తన్నారంట. మనమెంత? అన్నీ కొట్టెయ్," అని ఒక పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టాడు. అందులో ఒక్కో జోకుకీ ఒక్కో గుర్తు. ఎర్ర ఇంకు అంటే కేసు. ఆకుపచ్చ అంటే పర్లేదు. ఎర్ర ఇంకు మూడు పెన్నులు అయిపోయి ఉంటుంది. లావు మీద జోకు ఎరుపు, నలుపు మీద జోకు ఎరుపు, కులవృత్తుల మీద ఎరుపు. అంతవరకు సరే. మాస్టారు బీడీ వెలిగించింది ఎరుపు, గేదెని తిట్టింది ఎరుపు, డాక్టరు మీద జోకు తన కొడుకు మెడిసిన్ చదువుతున్నాడు కాబట్టి ఎరుపు. అన్నీ తీసేసి మొదటి భాగం చూసుకుంటే అరగంటది ఆరు నిమిషాలు మిగిలింది. అందులో రెండు నిమిషాలు టైటిల్ పాట.

నాకూ ఆ పని నచ్చింది, అబద్ధమెందుకు. ఫోన్లో నాలుగు వ్యాసాలు చదివిన ఊపులో ఉన్నాను. ఒకప్పటి మోటు నవ్వుల్ని కడిగి పారేస్తున్న గొప్ప సంస్కర్తలా నన్ను నేను ఊహించుకుంటూ, ఉత్సాహంగా కత్తిరించుకుంటూ పోయాను.

నాలుగో రోజు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. నాలుగు మెట్లెక్కి ఆగడం, మళ్ళీ నాలుగెక్కి ఆగడం. చివరికి గుమ్మంలో ఆవిడ.

"మమ్మల్ని కోసేవాడివి నువ్వేనా అబ్బాయ్?"

నేనే అన్నాను. కుర్చీ లాగాను. ఆవిడ వంగి కాళ్ళు ఊపి చూసి, కూర్చుంది.

"యాడిదాకా వచ్చినయ్ కోతలు? నన్ను చూపీ."

మొదటి భాగం వేశాను. ఆరు నిమిషాల్లో ఆవిడ ఒకే ఒకసారి కనిపించింది. కాఫీ తెచ్చి ఎవరికో ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. మిగతా వేషమంతా లావు మీద జోకులతో ముడిపడి ఉంది కదా, జోకులతో పాటు మనిషీ పోయింది. రెండో భాగంలో ఆ కాఫీ కూడా లేదు. ఆవిడ తెర వంక చూస్తూనే ఉంది.

"అంటే," అంది చివరికి, "పాతికేళ్ళ తరవాత నేను కాఫీ ఇచ్చి పొయ్యే పనిమనిషినయ్యానన్న మాట."

"అది కాదు పిన్నీ. దాన్ని బాడీ షేమింగ్ అంటారు ఇప్పుడు."

"అంటే ఏందది?"

"లావుగా ఉన్నవాళ్ళని చూసి నవ్వకూడదని."

"మరి లావుగా ఉన్నోళ్ళు నవ్వించొచ్చా?"

దీనికి సమాధానం నేను చదివిన నాలుగు వ్యాసాల్లోనూ లేదు. ఆవిడ లేచి తెర దగ్గరికి వచ్చింది. కోసేసిన ముక్కలన్నీ తెమ్మంది. తెచ్చి వేశాను. కోటప్పకొండ తిరనాళ్ళ భాగం, ఊరూరా బల్బుల వరసలతో ఎత్తైన ప్రభలు కట్టి కొండకి తీసుకెళ్ళే పండగ. అందులో మాస్టారు అంటాడు: "ఈ ఏడు మనం ప్రభ కట్టక్కర్లా. మా ఆవిడకి రెండు వరసల బల్బులు చుట్టి కొండకి నడిపిస్తే చాలు."

"ఈ జోకు ఎవరు రాశారనుకున్నావ్? నేను," అంది. "నా మీద జోకులు సగం నేనే రాసిచ్చేదాన్ని. మాస్టారు రాస్తే మరీ నాసిగా ఉండేయి."

తరవాత కుర్చీ సంగతి చెప్పింది. వడ్రంగి ముందే కాలు ముప్పావు వంతు కోసి ఉంచేవాడట. కూర్చోగానే పడితే నవ్వు రాదు. ముందు కూర్చోవాలి, సర్దుకోవాలి, హాయిగా ఒక గుక్క తాగాలి, ఈ కుర్చీ పర్లేదని చూసేవాళ్ళకి నమ్మకం కలిగించాలి. అప్పుడు బరువు అటు వెయ్యాలి. పడ్డాక కప్పు నిటారుగా ఉండాలి. "ఈ ఇరవయ్యారిట్లోనూ పడ్డా. ఒక్క చుక్క ఒలకలా. కావాలంటే చూసుకో," అంది. చూశాను. వరసగా ఇరవై ఆరు పడటాలూ వేసి చూశాను. నిజంగానే ఒక్క చుక్క ఒలకలేదు. మనిషి నేల మీద, కుర్చీ ముక్కలు చుట్టూ, కప్పు మాత్రం గడ్డం కింద నిటారుగా. ముఖంలో ఏమీ జరగనట్టు గంభీరం. పద్దెనిమిదో దానికి నేను నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాను. సంస్కర్తగిరీ అక్కడితో సరి.

అలాగని ఆవిడ అన్నీ ఉంచమనలేదు. మరుసటి రోజు నుంచీ పదింటికల్లా వచ్చి నా పక్కన కూర్చునేది. జోకు రాగానే ఒక్కటే ప్రశ్న: "ఇది ఎవరి మీద పడింది?" తన మీద పడితే, "నాది. ఉంచు." ఇంకొకరి మీద పడితే, "వాళ్ళు ఈడ లేరు. తియ్యి." చాకలి మీద జోకు తీయించింది. పొద్దున్నే వితంతువు ఎదురైతే మాస్టారు ముఖం చిట్లించి ఇంట్లోకి వెళ్ళే ముక్క తీయించింది. మాస్టారు ఆవిడ మీద చెయ్యెత్తే చోట మాత్రం తన నియమం తనే తప్పింది. "ఇది నా మీద పడ్డదే. అయినా తియ్యి. దీనికి అప్పుడు కూడా ఆడోళ్ళు నవ్వలా. నేను ఈడ చెయ్యి అడ్డం పెట్టి ఎంత ఆగినా నవ్వు రాలా."

లావు జోకులు ఉంచాలంటే ప్రొప్రైటరుని, అంటే ఓనరుగారబ్బాయిని, ఒప్పించాలి. ఆయన, "మీరు ఊరుకుంటారు పిన్నీ, రేపు మీ తరఫున ఇంకెవరో కేసేస్తే?" అన్నాడు. అప్పుడు ఆవిడ చేసిన పని మా పల్నాడులో తప్ప ఇంకెక్కడా ఎవరికీ తోచదు. తిన్నగా కోర్టు దగ్గరికి వెళ్ళి, స్టాంపు కాగితం కొని, దస్తావేజుల రైటరు ముందు కూర్చుంది. నేనూ పక్కనే ఉన్నాను. రైటరు పొలాలు, హద్దులు, దారి హక్కులు రాసీ రాసీ తలపండినవాడు. ఆవిడ చెప్పింది విని కలం దించి అడిగాడు:

"లావు అని రాయమంటారా, స్థూలకాయం అని రాయమంటారా?"

"లావనే రాయండి. చదివితే నాకు అర్థం కావాల గదా."

"నా లావు మీద సదరు కామెడీలో వేసిన జోకులకు నాకు గాని నా వారసులకు గాని ఎట్టి అభ్యంతరమూ లేదు" అని రాశాడు. ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టారు. అందులో ఒకణ్ణి నేను. ప్రొప్రైటరు ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. ఇరవై ఆరు పడటాలూ బతికాయి. ఆ సాయంత్రం ఆవిడ నా గది మెట్లు దిగుతూ, ఎనిమిది మెట్లకోసారి మాత్రమే ఆగుతూ, ఏదో పద్యం రాగం తీసింది. అంత సంబరంగా ఆవిడని నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పందొమ్మిదో భాగం వచ్చింది.

అందులో ఇంటికి టైలరు వస్తాడు. ఆ వేషమూ మాస్టారే వేశాడు, మీసం పెట్టుకుని. టైలరుకి నత్తి. జాకెట్టు ఎప్పుడిస్తావంటే ఆయన "బుధవారం" అనలేక తంటాలు పడుతుంటాడు. ఈలోగా గోడ మీద క్యాలెండరు మారిపోతుంది. అప్పుడు కెమెరా ఆవిడ ముఖం మీదికి వస్తుంది. మొత్తం ఇరవై ఆరు భాగాల్లో ఆవిడ ముఖం తెర నిండా కనిపించేది అక్కడొక్కచోటే. ఆవిడ నవ్వుతుంది. ముందు ఆపుకోబోతుంది, పెదవులు బిగిస్తుంది, అది ఆగదు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోతుంటాయి. అలాంటి నవ్వు నేను ఏ పెళ్లి వీడియోలోనూ పట్టుకోలేకపోయాను. ఎంత అందంగా ఉందో మాటల్లో పెట్టలేను.

ప్రొప్రైటరు పుస్తకంలో ఆ ముక్కకి ఆకుపచ్చ గుర్తు ఉంది. ఎందుకని ఫోన్లో అడిగితే, "నత్తోళ్ళకి సంఘం లేదుగా, కేసెవరేస్తారు?" అన్నాడు.

ఆవిడ వీడియో ఆపమంది. తరవాత మెల్లగా చెప్పింది. ఆ టైలరు ఊళ్ళోనే ఉన్నాడు. ఆవిడ జాకెట్లన్నీ ఆయనే కుట్టేవాడు. మాస్టారు అచ్చం ఆయన్నే దింపాడు, చెవి వెనక సుద్దముక్కతో సహా. ఆ ఆదివారం తరవాత స్కూలు పిల్లలు ఆయన కొట్టు ముందు నిలబడి "బుధవారం ఎప్పుడు?" అని అరిచి పారిపోయేవాళ్ళు. పెద్దవాళ్ళూ అడిగేవాళ్ళు. కొన్నాళ్ళకి ఆయన మాట్లాడటం మానేశాడు, కొట్టు దగ్గర బేరాలన్నీ భార్యే చూసుకునేది. పిన్ని మళ్ళీ ఆ కొట్టున్న సందులోకి వెళ్ళలేదు. కూరగాయల మార్కెట్టుకి చుట్టు తిరిగి వెళ్ళేదట, పాతికేళ్ళుగా.

"తీసేద్దాం పిన్నీ," అన్నాను.

"ఆయన్ని అడక్కుండానా? ఇది ఆయన మీద పడ్డది. ఉంచడానికైనా తియ్యడానికైనా మనమెవరం? బండి తియ్యి."

నా స్కూటర్ మీద ఆవిడ వెనక కూర్చుంటే ముందు చక్రం గాల్లో తేలుతున్నట్టే ఉంది. సందు మొదట్లో దిగిపోయి నడిచింది. కొట్టులో టైలరుగారు మెషీన్ మీద ఉన్నారు. అరవై దాటి ఉంటాయి, చెవి వెనక సుద్దముక్క ఉంది. ఆవిడని చూసి మెషీన్ ఆపి, స్టూలు చూపించారు. ఆవిడ అలవాటుగా వంగి దాని కాళ్ళు ఊపింది. ఆయన పెదవి కొస కొంచెం కదిలినట్టు నాకనిపించింది.

ఆయన మాటల్లోని ఆగుళ్ళు ఇక్కడ రాయను. రాస్తే మాస్టారు చేసిన పనే నేనూ చేసినట్టు. ఒక్కో మాటకీ ఆయనకి పట్టినంత సేపు మేం ఆగామని మాత్రం అనుకోండి.

"టైలరు గారూ, ఆ పాత కామెడీ మళ్ళా బయటికొస్తంది," అంది ఆవిడ. "మీ మీద చేసిన ముక్క ఉంది అందులో. ఉంచమంటారా, తియ్యమంటారా అని అడగడానికొచ్చా. అడగడానికి రావాల్సింది ఇప్పుడు కాదు. తెలుసు."

ఆయన గుడ్డ మడత పెట్టి పక్కన పెట్టారు.

"మాస్టారు చేసింది యాక్టింగ్ అక్కా. ఓనరుగారు తీసింది యాపారం. మీరొక్కరే నిజంగా నవ్వారు."

"అవును," అంది ఆవిడ. "నిజంగానే నవ్వా."

"ఆ రోజు మా ఇంట్లో వాళ్ళందరితో కూర్చుని చూశా. మా వాళ్ళు మాస్టారి మాటలకి నవ్వలా. నా మొహం చూసి ఆపుకున్నారు. మీరు నవ్వినాక ఆపుకోలేకపోయారు."

ఆవిడ తల దించుకుంది. నవ్వులకి చెయ్యి అడ్డం పెట్టి చోటిచ్చే మనిషి, అక్కడ ఆ మాటకి అలాగే చోటిచ్చింది. చాలాసేపటికి, "అందుకే మీ కొట్టుకి రాలేకపోయా," అంది.

"మీరు రాలా. మీ జాకెట్లు వస్తానే ఉన్నయ్ గదా."

ఆవిడ తలెత్తింది.

"మీ చెల్లెలి పేరు చెప్పి పంపేవారు. మీ చెల్లెలు ఇంతుంటది," అని ఆయన చిటికెనవేలు చూపించారు. "పాతికేళ్ళ నుంచీ మీ జాకెట్లు కుడతా మీవని నాకు తెలవదా?"

ఆవిడకి నవ్వు తన్నుకొచ్చింది. నేను చూశాను. కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్ళు మూసుకుంది, ఆపేసుకుంది. ఆ కొట్టులో తను నవ్వకూడదనుకుంది కాబోలు.

"తీసెయ్యండి," అన్నారు ఆయన.

గదికి తిరిగొచ్చాక నాలో ఎడిటరు బుద్ధి లేచింది. మాస్టారి నత్తి తీసేసినా ఆవిడ నవ్వు ఉంచొచ్చు. ప్రభ జోకు పక్కన అతికిస్తే అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఎవరికీ తెలియదు. చేసి చూపించాను కూడా. నిజంగా బాగుంది. తన జోకుకి తనే నవ్వుతున్నట్టుంది. ఆవిడ చూసి ఊపిరి బిగబట్టింది. తెర నిండా ముఖం కనపడేది అదొక్కచోటే అని ఆవిడకీ తెలుసు. మూడు వారాలు మెట్లెక్కి దిగింది తను కనపడటం కోసమే.

"ఊళ్ళో ఎవరికీ తెలవదు. నిజమే," అంది. "ఆయన గుర్తుపడతాడు గదా. వద్దు, తీసెయ్. ఇందులోనే కాదు, క్యాసెట్లో కూడా కొట్టెయ్. రేపు ఇంకొకడు దొరకబట్టి బయటెయ్యకూడదు."

"క్యాసెట్లో చెరిపితే ఇక ఎక్కడా ఉండదు పిన్నీ."

"అందుకే గదా చెప్పేది." కాస్త ఆగి, "ముందు ఒకసారి వెయ్యి," అంది.

వేశాను. తెర నిండా ముప్పై అయిదేళ్ళ ఆవిడ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఎదురుగా అరవై దాటిన ఆవిడ, నవ్వకుండా చూస్తోంది.

"చానా బాగున్నా గదరా," అంది.

"చాలా బాగున్నావు పిన్నీ."

"కొట్టెయ్."

కంప్యూటర్లోది తీసేశాను. క్యాసెట్ వీసీఆర్‌లో పెట్టి ఆ చోటు మీద ఖాళీ ఎక్కించాను. ఆవిడ పక్కన నిలబడి అంతా అయ్యేదాకా చూసి వెళ్ళిపోయింది. ఆ తరవాత పెన్‌డ్రైవులు బయటికొచ్చాయి. ప్రొప్రైటరు అనుకున్నంత కాకపోయినా బాగానే పోయాయి. పేటలో చిన్నపిల్లలు కూడా ఆవిడ పడటం చూసి పడీపడీ నవ్వారు. ఆవిడ వీధిలో కనిపిస్తే "పిన్నీ, ఒకసారి పడవా" అని అడిగేవాళ్ళు. "కాఫీ తెండి ముందు," అనేది.

ఆవిడ పోయినప్పుడు మాచర్ల నుంచి కూతురు వచ్చింది. పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలని నా దగ్గరికి వచ్చింది.

"ఇంట్లో ఉన్నయ్యన్నీ ఆధార్ కార్డు ఫొటోలే అన్నయ్యా. నవ్వే ఫొటో ఒకటి తీసివ్వు. కామెడీ చేసిన మనిషి గదా."

పనికిరాదని తెలిసీ ఇరవై ఆరు భాగాలూ వేశాను. ఆ అమ్మాయి ముందుకి వంగి కూర్చుని చూసింది. పడటాలు, కప్పులు, గంభీరమైన ముఖాలు.

"ఇన్ని గంటల్లో అమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదా?"

అప్పుడు జరిగిందంతా చెప్పాను. నేనే నా చేత్తో చెరిపేశానని కూడా చెప్పాను. ఆ అమ్మాయి కాసేపు ఏడ్చి, విరిగిన కుర్చీ మధ్యలో కప్పు నిటారుగా పట్టుకుని సూటిగా చూస్తున్న బొమ్మ ఒకటి ఎంచుకుంది. "ఇంట్లో కూడా నవ్వేది కాదు. మమ్మల్నే నవ్వించేది," అంది. కంప్యూటర్లో ఒక కాపీ దాచుకుని, అంతా చెరిపానని అబద్ధం చెప్పి ఉంటే ఏమయ్యేదని ఇప్పటికీ అనుకుంటాను. అలా చేసి ఉంటే ఆవిడ ముఖం ఎలా చూసేవాణ్ణని కూడా అనుకుంటాను.

పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఫ్లెక్సీ చూసి నవ్వేవారు, వెంటనే తప్పు చేసినట్టు ముఖాలు సర్దుకునేవారు. టైలరుగారు భార్యతో వచ్చారు. ఫ్లెక్సీ ముందు చాలాసేపు నిలబడ్డారు. తరవాత నన్ను పక్కకి పిలిచి, ఆ ముక్క ఇక ఎక్కడా లేదా అని అడిగారు. లేదండీ, క్యాసెట్లో కూడా చెరిపించేసింది, కూతురు నవ్వే బొమ్మ అడిగితే ఇవ్వలేకపోయాను అన్నాను.

ఆయన భార్య ఏదో చెప్పబోయింది. ఆయన వద్దని చెయ్యి ఊపి, తనే నడుచుకుంటూ ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. చుట్టూ నిండా జనం. ఆయన మొదలుపెట్టారు. మాట రావడానికి చాలా సేపు పట్టింది. ఆ అమ్మాయి కదలకుండా నిలబడి ఆగింది, మేమంతా ఆగాం.

"మీ అమ్మ నవ్వితే చానా బాగుంటదమ్మా," అన్నారు. "నేను చూశా."